డ్రోన్‌కు నిబంధనలున్నాయి, దాని కింద ఉన్న కూలీకి ఏమున్నాయి?

గుంటూరు మిర్చి చేలల్లో, వరంగల్ పత్తి చేలల్లో, గోదావరి జిల్లాల వరి మడుల్లో మందు కొట్టే పని మెల్లగా డ్రోన్ చేతికి వెళుతోంది. పది లీటర్ల ట్యాంకు, నాలుగో ఆరో రెక్కలు, గట్టు మీద రిమోట్ పట్టుకుని ఒక మనిషి. ఎకరం పని పది నిమిషాల్లో అయిపోతుంది. వీపున పంపు కట్టుకుని ఒక మనిషి పూట పూటంతా చేసే పని అది.

దీన్ని ప్రభుత్వాలు ఆధునిక వ్యవసాయం అంటున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర 300 ఎకరాల్లో డ్రోన్ సిటీ కడతామంటున్నారు. డ్రోన్ల గురించి జరిగే చర్చంతా పెట్టుబడి, ఉద్యోగాలు, విమానాశ్రయాల భద్రత, సరిహద్దు భద్రత చుట్టూ తిరుగుతోంది. ఇంతవరకూ ఆ పంపు మోసినవాళ్లెవరు, ఇప్పుడు ఆ డ్రోన్ కింద పక్క చేలో వంగి కాయలు కోస్తున్నదెవరు అనే ప్రశ్న ఆ చర్చలో వినపడదు. రెండు ప్రశ్నలకూ జవాబు చాలా ఊళ్లలో ఒకటే: మాలపల్లె, మాదిగపల్లె.

అందుకే డ్రోన్ నిబంధనలను మనం మన వైపు నుంచి చదవాలి. చదివితే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. యంత్రానికి, దాన్ని నడిపేవాడికి, అది ఎగిరే గాలికి చట్టం ఉంది. దాని కింద ఉన్న మనిషికి ఉన్న రక్షణ మాత్రం వేరే చట్టంలో, ఎవరూ తెరవని పేజీలో ఉంది.

2021లో సడలింపు ఎవరికి దక్కింది

దేశంలో పౌర డ్రోన్లకు ఇప్పుడున్న ప్రధాన నిబంధనావళి 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్. అదే ఏడాది మార్చిలో వచ్చిన కఠినమైన నిబంధనలను పరిశ్రమ వ్యతిరేకించడంతో, ఆరు నెలలు తిరక్కుండానే కేంద్రం వాటిని తీసేసి వీటిని తెచ్చింది. నింపాల్సిన ఫారాలు 25 నుంచి 5కు తగ్గాయి. కట్టాల్సిన ఫీజుల రకాలు 72 నుంచి 4కు తగ్గాయి. విమానాశ్రయం చుట్టూ అనుమతి తీసుకోవాల్సిన ఎల్లో జోన్ 45 కిలోమీటర్ల నుంచి 12 కిలోమీటర్లకు కుదించుకుపోయింది. నిబంధనలు ఉల్లంఘిస్తే జరిమానాకు గరిష్ఠ పరిమితి లక్ష రూపాయలు.

బరువును బట్టి డ్రోన్లను అయిదు తరగతులు చేశారు. 250 గ్రాముల లోపువి నానో, 2 కిలోల దాకా మైక్రో, 25 కిలోల దాకా స్మాల్, 150 కిలోల దాకా మీడియం, ఆపైన లార్జ్. మన పొలాల మీద మందు చల్లేవి చాలావరకు స్మాల్ తరగతివే. వాటికి రిజిస్ట్రేషన్ నంబరు, తయారీ రకానికి టైప్ సర్టిఫికెట్, నడిపేవాళ్లకు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు వరకు ఎగరడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. పల్లెల్లో పొలాలు ఎక్కువగా గ్రీన్ జోన్‌లోకే వస్తాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఏదైనా ప్రాంతంలో డ్రోన్లు ఎగరకుండా 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్ ప్రకటించే వీలు నిబంధనల్లో ఉంది. జిల్లా ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దాన్ని ప్రకటించాలి. మంత్రి పర్యటనకూ ఊరేగింపుకూ ఆ అధికారం పనికొస్తుంది. వాడ పక్కనున్న బడి మీద, మంచినీళ్ల ట్యాంకు మీద మందు పడుతోంది, ఈ పూటకు ఆపండి అని చెప్పే అధికారం గ్రామ పంచాయతీకి ఈ నిబంధనలు ఇవ్వలేదు. పైనున్న గాలి ఢిల్లీది, కింద పడే మందు వాడది.

ప్రమాదం జరిగితే 48 గంటల్లోగా డిజిటల్ స్కై వేదికలో తెలియజేయాలన్న నియమం కూడా ఉంది. డ్రోన్ కూలినా, ఎవరినైనా గుద్దినా అది పనికొస్తుంది. కానీ డ్రోన్ సవ్యంగానే లేచి, సవ్యంగానే దిగి, గాలి వాటం మారి మందు పక్క చేలో కలుపు తీసే ఆడవాళ్ల మీద పడితే? యంత్రం దృష్టిలో అక్కడ ప్రమాదమే జరగలేదు. సాయంత్రానికి కళ్లు మండి, వాంతులై ఆసుపత్రికి వెళ్లిన మనిషి ఏ వేదికలోనూ నమోదు కాదు.

ఎవరూ తెరవని పేజీ

పురుగుమందుల చట్టం 1968లో వచ్చింది. దాని కింద 1971లో నిబంధనలు వచ్చాయి. ఆ నిబంధనల్లో 43వది గాలిలోంచి మందు చల్లడం గురించే. అప్పట్లో విమానాలు, హెలికాప్టర్లు మనసులో పెట్టుకుని రాసినది. అది చెప్పేవి ఇవి: మందు చల్లే ప్రాంతానికి గుర్తులు పెట్టాలి. ఆమోదించిన మందునే, ఆమోదించిన మోతాదులో, ఆమోదించిన ఎత్తునుంచే చల్లాలి. కడుక్కోవడానికి, ప్రథమ చికిత్సకు ఏర్పాట్లుండాలి. కనీసం 24 గంటల ముందు తెలియజేయాలి. సంబంధం లేని మనుషులు, పశువులు కొంతకాలం ఆ ప్రాంతంలోకి రాకుండా చూడాలి. నడిపేవాళ్లకు మందుల వల్ల ఒంటి మీద కనిపించే లక్షణాల గురించి శిక్షణ ఉండాలి.

డ్రోన్‌తో మందు చల్లడానికి కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో విడుదల చేసిన కార్యవిధానం కూడా ఈ దారిలోనే నడిచింది. అంటే కాగితం మీద రక్షణ ఉంది. ప్రశ్న అమలు గురించి. డ్రోన్‌ను పర్యవేక్షించేది డీజీసీఏ. మందును పర్యవేక్షించేది వ్యవసాయ శాఖ. గొడవైతే పోలీసులు. చాటింపు పంచాయతీది. నలుగురి మధ్య పంచిన బాధ్యత చివరికి ఎవరిదీ కాదు. ఊళ్లో చాటింపు వేసే పని తరతరాలుగా మనవాళ్లదే. రేపు ఫలానా చేలో డ్రోన్‌తో మందు కొడుతున్నారు, ఆ చుట్టుపక్కల పనికి వెళ్లకండి అనే చాటింపు మన వాడలో ఎప్పుడైనా వినిపించిందా అని ఎవరికి వాళ్లు అడిగి చూడండి.

ఈ చాటింపు ఎందుకంత ముఖ్యమో అర్థం కావాలంటే మందు లెక్క తెలియాలి. చేతి పంపుతో ఎకరాకు వంద లీటర్లకు పైగా నీళ్లలో కలిపే మందును, డ్రోన్ దాదాపు పది లీటర్ల నీళ్లలోనే కలిపి చల్లుతుంది. నీళ్లు ఆదా అవుతాయి, నిజమే. కానీ ఒక్కో చుక్కలో మందు చాలా చిక్కగా ఉంటుంది. పైగా చుక్క సన్నం. సన్నటి చుక్క గాలికి కొట్టుకుపోతుంది. ఎత్తు కాస్త పెరిగినా, గాలి కాస్త వీచినా అది గట్టు దాటుతుంది. 2022లో కేంద్రం 477 మందులను డ్రోన్‌తో వాడుకోవడానికి రెండేళ్ల తాత్కాలిక అనుమతి ఒకేసారి ఇచ్చేసింది. అవన్నీ అంతకుముందే మామూలు వాడకానికి రిజిస్టరైన మందులు. చేతి పంపు నుంచి వచ్చే చుక్కకూ ఆకాశం నుంచి వచ్చే చిక్కటి చుక్కకూ మధ్య తేడాను కొలిచే పని పూర్తయ్యాక అనుమతి ఇవ్వాలి. ఇక్కడ అనుమతి ముందొచ్చింది.

గాలిలోంచి మందు చల్లితే ఏమవుతుందో ఈ దేశానికి తెలియంది కాదు. కేరళలోని కాసరగోడ్‌లో ప్రభుత్వ రంగ ప్లాంటేషన్ కార్పొరేషన్ జీడితోటల మీద 1970ల చివరినుంచి 2000 దాకా హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లింది. తోటల్లో పనిచేసిన కూలీల కుటుంబాల్లో, ఆ కొండవాలుల్లో నీళ్లు తాగిన ఊళ్లలో పుట్టుకతో వచ్చే వైకల్యాలు, నరాల జబ్బులు తరాన్నే తినేశాయి. సుప్రీంకోర్టు 2011లో ఎండోసల్ఫాన్‌ను ఆపింది. బాధితులకు ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయలు మూడు నెలల్లో ఇవ్వాలని 2017లో ఆదేశించింది. ఆ తర్వాత కూడా డబ్బు కోసం బాధితులు మళ్లీ కోర్టు గడప ఎక్కాల్సి వచ్చింది. అక్కడ హెలికాప్టర్లు ఎగిరినన్నాళ్లూ 43వ నిబంధన పుస్తకంలోనే ఉంది.

మన నేలకు ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. 1985లో కారంచేడు గొడవ మొదలైంది మాదిగపల్లె మంచినీళ్ల దగ్గరే. నీళ్లు మురికి చేయొద్దన్న మాటకు ఊరు చెప్పిన జవాబు హత్యాకాండ. దళితుల నీటి వనరును పాడుచేయడాన్ని అత్యాచారాల నిరోధక చట్టం నేరంగా రాసుకున్నది ఇలాంటి చరిత్ర వల్లే. మందు కొట్టేవాడికి దురుద్దేశం ఉండాల్సిన పని లేదు. వాడ ఊరికి ఏ దిక్కున ఉందో, గాలి ఏ దిక్కుకు వీస్తుందో చూడకుండా మీట నొక్కితే చాలు.

పంపు దిగితే సంతోషమే

మేం డ్రోన్‌కు వ్యతిరేకం కాదు. ఆ మాట ఇక్కడే చెప్పాలి. వీపున పంపు మోసి, చొక్కా తడిసి, ముక్కుకు తువ్వాలు కట్టుకుని విషం చల్లడం ఏ మనిషికీ కోరుకోవాల్సిన పని కాదు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ రైతులూ కూలీలూ కలిసి దాదాపు ఇరవైమంది చనిపోయారు. వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ పంపు దించే యంత్రం ఏదొచ్చినా మంచిదే.

గాంధీ యంత్రాన్ని అనుమానించినప్పుడు అంబేడ్కర్ దానికి ఎదురు నిలిచారు. కాంగ్రెస్, గాంధీ అంటరానివారికి ఏం చేశారన్న తన పుస్తకంలో ఆయన చెప్పిందేమిటంటే, చెడు యంత్రంలో లేదు, యంత్రం వల్ల వచ్చే లాభాన్ని కొందరి సొత్తుగా మార్చిన సమాజ నిర్మాణంలో ఉందని. యంత్రం మనిషికి తీరిక ఇవ్వాలి, ఆ తీరిక అందరికీ దక్కాలి అన్నది ఆయన వాదన. డ్రోన్ విషయంలో మన ప్రశ్న కూడా అదే. పంపు దిగిన కూలీకి తీరిక వచ్చిందా, పస్తు వచ్చిందా?

దేశ జనాభాలో షెడ్యూల్డ్ కులాల వాటా 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సాగుభూమిలో వాళ్ల చేతిలో ఉన్నది తొమ్మిది శాతం లోపే. మన కుటుంబాల్లో ఎక్కువభాగం బతికేది సొంత చేల మీద కాదు, పరాయి చేలల్లో దొరికే పనిదినాల మీద. మందు కొట్టే పని మగవాళ్లకు సీజన్‌లో కాస్త మంచి కూలి వచ్చే పని. ఇక కలుపు మందు కూడా డ్రోన్ చల్లితే, కలుపుతీతకు పిలిచే ఆడవాళ్ల పనిదినాలు కూడా తగ్గుతాయి. పోయేది ముందు ఎవరి కూలో, వచ్చేది ఎవరి ఆదాయమో పథకాల కాగితాల్లో పక్కపక్కన రాసి ఎవరూ చూపించలేదు.

రిమోట్ ఎవరి చేతిలో

అలాంటప్పుడు సహజమైన న్యాయం ఒకటుంది. ఇరవై ఏళ్లు మందు కొట్టినవాడికే డ్రోన్ ఇవ్వాలి. ఏ పంటకు ఏ మందు ఎప్పుడు పడాలో, ఏ చేను ఎటు వాలి ఉందో అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు. నిబంధనలు ఏమంటున్నాయి? రిమోట్ పైలట్ సర్టిఫికెట్‌కు 18 నుంచి 65 ఏళ్ల వయసు ఉండాలి. పదో తరగతి పాసవ్వాలి. డీజీసీఏ గుర్తించిన సంస్థలో శిక్షణ పొందాలి. సర్టిఫికెట్‌కు కట్టే ఫీజు వంద రూపాయలే, కానీ ప్రైవేటు శిక్షణ సంస్థల ఫీజులు పదుల వేలల్లో ఉంటాయి.

పదో తరగతి అన్న మాట వినడానికి చిన్నది. కానీ పంపు మోసిన మన తరం బడి మధ్యలో మానేసి చేలోకి వచ్చిన తరం. ఆ ఒక్క మాటతో అనుభవం ఉన్నవాడు గట్టు మీద నీళ్లు కలిపే సహాయకుడిగా మిగిలిపోతాడు. రిమోట్ పట్టుకునేది ఇంజనీరింగ్ చదివొచ్చిన భూస్వామి కొడుకు అవుతాడు. పాత వరసే కొత్త యంత్రం చుట్టూ నిలబడుతుంది.

ఇది మార్చలేనిదేం కాదు. మొదట్లో పైలట్ సర్టిఫికెట్‌కు పాస్‌పోర్టు అడిగేవారు. పల్లెటూరి దరఖాస్తుదారులకు పాస్‌పోర్టు ఎక్కడినుంచి వస్తుందన్న సంగతి ప్రభుత్వానికి తెలిసొచ్చి, 2023 సెప్టెంబరులో నిబంధన సవరించింది. ఓటరు కార్డు, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు లాంటివి చాలన్నది. పాస్‌పోర్టు అడ్డు తీసినవాళ్లు, పదో తరగతి బదులు తెలుగులో మౌఖికంగా, చేతిపనిగా పెట్టే పరీక్షను కూడా ఒప్పుకోవచ్చు. భద్రతకు కావాల్సింది నైపుణ్యం. దాన్ని పరీక్షించే దారి మార్కుల పత్రం ఒక్కటే కాదు.

డబ్బు సంగతి చూద్దాం. వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద డ్రోన్ కొనే ఎస్సీ, ఎస్టీ, మహిళా, చిన్న, సన్నకారు రైతులకు ధరలో సగం, గరిష్ఠంగా 5 లక్షల రూపాయల సబ్సిడీ ఉంది. మంచిదే. కానీ మిగతా సగానికి బ్యాంకు అప్పు కావాలి. బ్యాంకు తాకట్టు అడుగుతుంది. డి-పట్టా ఎకరం, కౌలు చేను, వాడలో రెండు గదుల ఇల్లు ఉన్నవాడు ఏం తాకట్టు పెడతాడు? రాయితీ మన పేరున ఉంటుంది, గడప మాత్రం దాటదు.

2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గం నమో డ్రోన్ దీదీ పథకాన్ని ఆమోదించింది. 1,261 కోట్ల రూపాయలతో 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని లక్ష్యం. ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయలు సాయం. ఒక సభ్యురాలికి 15 రోజుల శిక్షణ. పొదుపు సంఘాల్లో మన ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు కాబట్టి ఈ పథకం మనకు దగ్గరది. అయితే డ్రోన్ దగ్గరున్నంత మాత్రాన పని రాదు. ఫోన్ చేసి పిలవాల్సింది భూమి ఉన్నవాడు. అతను మాల, మాదిగ సంఘం డ్రోన్‌ను పిలుస్తాడా, తన బంధువు డ్రోన్‌ను పిలుస్తాడా అన్నది కులం లెక్కే. అందుకే సాయం డ్రోన్ ఇచ్చి ఆగకూడదు. ప్రభుత్వం తానే నడిపే పనులు, అంటే దోమల మందు చల్లడం, ప్రభుత్వ పరిశోధన క్షేత్రాల పిచికారీ, చెరువుల సర్వే లాంటివి ముందుగా ఈ సంఘాలకు ఇవ్వాలి.

ఇలాంటిది సాధ్యమేనని చూపించే ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది. 2017లో జలమండలి దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీతో కలిసి, మురుగు కాలువలు శుభ్రం చేసే 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను దళితుల యాజమాన్యంలో దింపింది. బ్యాంకు అప్పు, జలమండలి ఇచ్చిన కచ్చితమైన పని ఒప్పందం, ఈ రెండూ కలిసి ఆ యంత్రాలను నడిపాయి. మ్యాన్‌హోల్ సమస్య దాంతో తీరిపోయిందని మేం అనడం లేదు. ప్రాణాంతకమైన పని యంత్రానికి వెళ్లేటప్పుడు, ఆ యంత్రం ఎవరి పేరున ఉండాలన్న ప్రశ్నకు ఒక జవాబు మాత్రం అక్కడ దొరికింది. పిచికారీ పంపుకు కూడా అదే జవాబు కావాలి.

ఇప్పుడేం అడగాలి

డ్రోన్ చట్టం ఇంకా రూపం మార్చుకుంటూనే ఉంది. 2025 సెప్టెంబరులో కేంద్ర పౌర విమానయాన శాఖ పౌర డ్రోన్ల ప్రోత్సాహం, నియంత్రణ పేరుతో ఒక ముసాయిదా బిల్లును అభిప్రాయాల కోసం పెట్టింది. తప్పెవరిదన్న దాంతో సంబంధం లేకుండా, డ్రోన్ ప్రమాదంలో చనిపోతే రెండున్నర లక్షలు, తీవ్రంగా గాయపడితే లక్ష రూపాయల పరిహారం అందులో ప్రతిపాదించారు. పరిహారం అన్న మాట చట్టంలోకి రావడం ముందడుగే. కానీ మందు తుంపర వల్ల ఒంట్లోకి విషం ఎక్కడం ఆ ప్రమాదంలోకి వస్తుందా? ఆ మాట పేరుపెట్టి రాయకపోతే రేపు ఏ ట్రిబ్యునల్ ముందైనా కూలీ ఓడిపోతాడు. పరిశ్రమ సంఘాలు తమ అభ్యంతరాలు తాము పంపుకుంటాయి. మన సంఘాల నుంచి ఎన్ని వెళ్లాయి?

మా వైపు నుంచి అయిదు డిమాండ్లు పెడుతున్నాం.

ఒకటి, పురుగుమందుల నిబంధనల్లోని 24 గంటల ముందస్తు సమాచారం డ్రోన్ పిచికారీకి తప్పనిసరి అని డ్రోన్ చట్టంలోనే రాయాలి. ఆ సమాచారం వాడలో చాటింపుగా వినిపించాలి.

రెండు, ఇళ్లు, బడి, అంగన్‌వాడీ, మంచినీటి వనరు, పక్క చేలో పనిచేసే కూలీల నుంచి ఎంత దూరంలో చల్లాలో కచ్చితంగా నిర్ణయించాలి. ఉల్లంఘిస్తే ఆపే అధికారం గ్రామ పంచాయతీకి ఇవ్వాలి.

మూడు, మందు తుంపర వల్ల జరిగే హానిని ప్రమాదంగా గుర్తించి, మూడో వ్యక్తి బీమాలో, పరిహారంలో చేర్చాలి.

నాలుగు, పిచికారీ అనుభవం ఉన్న కూలీలకు పదో తరగతి మినహాయించి, ప్రత్యేక పరీక్షతో సర్టిఫికెట్ ఇవ్వాలి. శిక్షణ ఖర్చు ఎస్సీ ఉప ప్రణాళిక నిధుల నుంచి ప్రభుత్వమే భరించాలి.

అయిదు, డ్రోన్ అద్దె కేంద్రాల్లో ఎస్సీ, ఎస్టీ సంఘాలకు జనాభా నిష్పత్తికి తగ్గని వాటా ఇవ్వాలి. తాకట్టు లేని అప్పు, పని హామీ దానితో కలిసి రావాలి.

విద్యార్థి మిత్రులు, కార్యకర్తలు ఈలోగా చేయగలిగిన పని కూడా ఉంది. సమాచార హక్కు చట్టం కింద జిల్లా వ్యవసాయ అధికారిని, జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థను నాలుగు ప్రశ్నలు అడగండి. మన జిల్లాలో సబ్సిడీ డ్రోన్లు ఎన్ని? వాటిలో ఎస్సీ లబ్ధిదారుల పేరున ఎన్ని? పిచికారీకి ముందు సమాచారం ఇచ్చినట్టు నమోదైన సందర్భాలెన్ని? మందు తుంపరపై వచ్చిన ఫిర్యాదులు ఎన్ని, తీసుకున్న చర్య ఏమిటి? ఒక్కో జిల్లా నుంచి వచ్చే జవాబులను పక్కపక్కన పెడితే, చట్టసభలో ఎవరూ తోసిపుచ్చలేని పత్రం మన చేతిలో ఉంటుంది. "సమాచారం లేదు" అని వచ్చే జవాబును కూడా దాచండి. నిబంధన ఉండి నమోదు లేదంటే అమలు లేదని ప్రభుత్వమే సంతకం పెట్టి ఇచ్చినట్టు.